ఆకాశం కారతాది

లంజిపల్లి, బరంపురం
జూన్, మొదటి వాన పడిన మర్నాడు

చి.సౌ. అపర్ణకు,

మేనమామ హేమచంద్ర ఆశీస్సులు. ఇక్కడ మీ ఇంద్రజ అత్త మోకాళ్ళు తప్ప అందరం క్షేమం. నువ్వూ, మీ ఆయన సాయిరామ్ బాబూ దిగపహండిలో క్షేమమని తలుస్తాను.

నిన్న నా కొత్త కవిత నీ ఫోనుకు పంపాను. ఎన్నో వారాలు చెక్కిన కవిత. దానికి జవాబుగా నువ్వు ఒక బొటనవేలు పంపావు. పసుపుపచ్చటి బొటనవేలు. అమ్మా, నేను ఇన్నేళ్ళుగా పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్నాను. కందిపప్పు బాగుందని చెప్పడానికైనా మనిషన్నవాడు నోరు విప్పుతాడు. అంచేత ఇకమీదట మనిద్దరం కవిత్వం గురించి ఉత్తరాల్లోనే మాట్లాడుకుందాం. ఉత్తరంలో బొటనవేలు పెట్టాలంటే సిరా పూసుకోవాలి, ఆ కష్టం నువ్వు పడవని నా నమ్మకం.

కిందటి కార్తీకంలో తుపాను వెలిశాక, మా సాహితీ మండలి తరఫున దుప్పట్లు పంచడానికి నువ్వు సాయంత్రాలు తెలుగు చెప్పే నువ్వులపాడు వచ్చాను కదా. నీ తరగతి జరిగే పాక మీద రేకులన్నీ గాలికి పోయాయి. అయినా పిల్లలు పలకలు ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూ కూర్చున్నారు. ఒక పాప పసుపు సుద్దతో సూర్యుణ్ణి గీస్తోంది. ఆ దృశ్యం నా గుండెలో నాటుకుపోయింది. అదే ఈ కవిత. ఫోనులో సరిగ్గా చదివి ఉండవు, మళ్ళీ రాస్తున్నాను:

గాలి కప్పును దోచుకుపోయింది
ఆకాశమే వారికి పైకప్పయింది
చినుకులు అక్షింతలై రాలుతుంటే
పసివాళ్ళు పలకల మీద సూర్యుణ్ణి గీశారు
తుపానుకు వంగని మొగ్గలు వీళ్ళు
ఏడవడం మరచిన నేలలో
నవ్వులు మాత్రమే మొలిచాయి

ఆగస్టులో మా మండలి వార్షికోత్సవం. ఆనాటి ముఖ్య అంశం ఈ కవితే. నాకొక ఆలోచన వచ్చింది. ఈ కవితని ఆ పిల్లలకే ఇచ్చి, ఇందులో మూడ్ ఏమిటి, పదచిత్రాలు ఏవి, అవి ఎలా ఉన్నాయి అని విశ్లేషణ రాయించి పంపు. సభలో చదువుతాను. మూడ్ కరుణతో మొదలై, వీరం మీదుగా వెళ్ళి, శాంతంలో ముగుస్తుంది. ఈ మాట వాళ్ళకి ముందే చెప్పకు. వాళ్ళంతట వాళ్ళే కనుక్కోవాలి. కనుక్కోలేకపోతే కొంచెం అందించు.

నీ మేనమామ,
హేమచంద్ర


దిగపహండి
జూన్ చివర

మావయ్యకి అపర్ణ నమస్కారాలు.

బొటనవేలు విషయంలో క్షమించండి. అప్పుడు దుకాణంలో మా వారు లేరు, నేను ఒక చేత్తో బెల్లం తూస్తున్నాను. ఖాళీగా ఉన్నది ఆ వేలొక్కటే.

మీ కవితని బోర్డు మీద రాశాను. మూడ్ అంటే చదివినప్పుడు మనసుకి ఎలా ఉంటుందో అది అనీ, పదచిత్రం అంటే మాటలతో గీసిన బొమ్మ అనీ చెప్పాను. పొద్దున్న ఒడియా బడిలో చదువుకుని సాయంత్రం నా దగ్గరికి వచ్చే పిల్లలు కదా, తెలుగు కవిత విడమరిచి చెప్పడం వాళ్ళకి కొత్త. అయినా చర్చ చాలా బాగా జరిగింది. చాలా అంటే చాలా. నీరజ అనే అమ్మాయి దస్తూరీ ఎంతో బాగుందని మెచ్చుకుంది. అది బోర్డు మీద నా దస్తూరీ అనుకోండి, అయినా అక్షరాలు మీ కవితవే.

మిగతా అభిప్రాయాలు ఇంకా తయారవుతున్నాయి. వానల్లో కాగితాలు ఆరడం లేదు. ఈలోగా ఒక సంగతి. పాక మీదికి రేకులు ఇప్పించమని మాఘంలో మా వారు మీ మండలికి అర్జీ ఇచ్చారు. అది ఎంతవరకు వచ్చిందో వీలైతే కనుక్కోండి. ప్రస్తుతం పైన టార్పాలిన్ పట్టా కట్టుకుని నెట్టుకొస్తున్నాం.

అత్త మోకాళ్ళకి వావిలాకు కాపడం పెట్టమనండి.

మీ
అపర్ణ


లంజిపల్లి
జూలై మొదటి వారం

చి. అపర్ణకు,

ఆశీస్సులు. నీ ఉత్తరంలో “చాలా అంటే చాలా” అన్న మాట నాకు నచ్చలేదు. పప్పులో రాయి ఉన్నప్పుడు మా గుమస్తా కూడా సరిగ్గా ఇలాగే మాట్లాడతాడు. పిల్లలు ఏమన్నారో దాచకుండా రాయి. విమర్శకి జడిసేవాణ్ణి కాను. భంజనగర్‌లో ఒకసారి నేను కవిత చదువుతుంటే ముందు వరసలో పెద్దమనిషి గురక పెట్టాడు. ఆయన గురక లయలోనే నేను చదువు పూర్తి చేశాను.

నీకొక శుభవార్త. మండలి అధ్యక్షులు పూర్ణచంద్రగారు నా కవిత చదివి కదిలిపోయారు. నువ్వులపాడు పిల్లలకి వార్షికోత్సవంలో స్థైర్య పురస్కారం ఇవ్వాలని తీర్మానించారు. ఇత్తడి ఫలకం. దాని మీద “తుపానుకు వంగని మొగ్గలకు” అని నా పంక్తే చెక్కిస్తున్నారు.

రేకుల అర్జీ కూడా ఆ సమావేశంలోనే చర్చకి వచ్చింది. ఒకే సంవత్సరంలో రెండూ కుదరవు కనుక ఫలకం ఈసారి, రేకులు వచ్చేసారి చూద్దామన్నారు. “ఆకాశమే పైకప్పుగా నవ్వుతున్న పిల్లలకి మనం రేకులు కప్పితే ఆ స్ఫూర్తి ఏమైపోతుంది?” అని పూర్ణచంద్రగారు అడిగారు. ఒక కవితకి ఇంతటి ప్రభావం ఉంటుందని నేనే అనుకోలేదు.

విశ్లేషణలు వెంటనే పంపు.

ఆశీస్సులతో,
హేమచంద్ర


దిగపహండి
జూలై

సాహితీ మండలి కార్యదర్శి శ్రీ హేమచంద్రగారికి, నువ్వులపాడు తెలుగు తరగతి ఉపాధ్యాయిని అపర్ణ నమస్కరించి వ్రాయునది.

తమరు దాచకుండా రాయమన్నారు కనుక రాస్తున్నాను. పిల్లలు చెప్పినది చెప్పినట్టే ఉంది. ఒడియా బడిలో పంతులమ్మని పిలిచే అలవాటు కొద్దీ వాళ్ళు నన్ను దిదీ అంటారు.

ముందుగా మూడ్. పైడయ్య చెయ్యెత్తి, “తడిగా ఉంటాది దిదీ” అన్నాడు. తడి మూడ్ కాదురా, సంతోషమో దుఃఖమో భయమో అలాంటిది చెప్పాలి అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, “నిక్కరు తడిసిపోతే ఏ మూడొస్తాదో అది” అన్నాడు. తరగతిలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక పదచిత్రాలు. ఆకాశమే పైకప్పయింది అన్నచోట మళ్ళీ పైడయ్యే లేచాడు.

“ఆకాశం కారతాది దిదీ. ఆ తాత ఇంటికి కప్పుందా?”

“ఉంది, స్లాబు వేసిన ఇల్లు” అన్నాను.

“మరి దాన్ని తీయించేసి ఆకాశం ఎట్టించుకోనేదేటి?”

దీనికి సమాధానం తాతగారినే అడుగుతానన్నాను. తమ దగ్గర ఉంటే తెలియజేయగలరు.

చినుకులు అక్షింతలు అన్న పోలిక దుర్గాభవానికి సగమే నచ్చింది. “మా పిన్ని పెల్లిలో అచ్చింతలేసినారు. ఏసినాక బోజనం ఎట్టినారు. ఇక్కడ సినుకులు పడ్డాక ఎవుళూ ఏటీ ఎట్టనేదు. జొరమొచ్చింది, అంతే” అంది.

వంగని మొగ్గలు అనగానే రవి ఒప్పుకోలేదు. “మేం ఒంగినాం దిదీ. ఒంగకపోతే మంచం కిందకి ఎలాగ దూరతాం?” అన్నాడు. నీరజ వాళ్ళ మంచం కింద మేకపిల్ల కూడా ఉందట. అదీ ఒంగిందని చెప్పింది.

తమరు చూసిన సూర్యుడు దుర్గాభవాని పలక మీదిది. “అది సూరీడు కాదు దిదీ, గుడ్డు. ఆ రోజు అన్నంలోకి గుడ్లు ఎడతారని సెప్పినారు. సాయంత్రం దాకా సూసినాం, రానేదు. అందుకని గీసుకున్నాను.” తమరు ఆ పిల్ల తల నిమిరి ముందుకు వెళ్ళారని కూడా గుర్తు చేసింది.

ఏడవడం మరచిన నేల అన్నచోట నీరజ లేచింది. ఇలా అంది: “మరిసిపోనేదు దిదీ. తాతగారోలు వచ్చినప్పుడు నవ్వినాం గానీ అది ఫొటోకి. మీరే కదా నవ్వమన్నారు.”

నిజమే. నేనే నవ్వమన్నాను.

ఇదీ విశ్లేషణ. చివరిగా ఒక విన్నపం. తమ మండలి బహూకరించే ఇత్తడి ఫలకం పొడవు వెడల్పులు తెలియజేయ ప్రార్థన. పిల్లలందరూ దాని కింద పట్టేటట్టయితే సంతోషంగా స్వీకరిస్తాం.

ఇట్లు,
అపర్ణ


లంజిపల్లి
జూలై

అపర్ణకు,

ఉత్తరం అందింది. వార్షికోత్సవంలో కవిత చదవడం లేదు. కవి హృదయం జల్లెడ పట్టడానికి పప్పు కాదు. నా మేనకోడలు నన్ను “తమరు” అనే రోజు వస్తుందని అనుకోలేదు.

హేమచంద్ర

అమ్మాయ్ అపర్ణా, నాను ఇంద్రజత్తని. ఆయన పోస్టులో ఏయమని కవరిచ్చి దుకాణానికి ఎల్లినారు. అంటించీలోగా కింద రెండు ముక్కలు రాస్తన్నాను. నీ ఉత్తరం వచ్చిన కాడినించి ఆయన సరిగ్గా తినడం లేదు. బాధ నీ మీద కాదమ్మా. ఆ గుడ్డు మాటే పదేపదే అంటన్నారు. “నాను దగ్గిరికెల్లి సూసినానే, అడగనేదే” అంటన్నారు. నిన్న సాయంత్రం జోరుగా వాన పడతా ఉంటే కుర్చీ, కాయితాలు పట్టుకుని డాబా మీదికి ఎక్కినారు. ఎందుకంటే, కప్పు లేకండా కూకుని రాస్తే ఎలాగుంటాదో సూస్తారట. పక్క డాబా మీద బట్టలు తీస్తన్న ఒడియా ఆవిడ మన వాకిట్లోకి వచ్చి, ‘మీవారికి ఏటయ్యింది మావుసీ’ అని అడిగింది. కాసేపటికి సిరా అంతా కారిపోయిన కాయితాలతో దిగొచ్చినారు. “ఎలాగుంది” అని అడిగినాను. “తడి” అన్నారు. ఇప్పుడు తుమ్ముతున్నారు. నువ్వొక మంచి ముక్క రాయమ్మా.


దిగపహండి
జూలై చివర

ప్రియమైన మావయ్యకి,

అల్లం, మిరియాలు వేసి కషాయం కాచి తాగండి. అత్త పెడితే వంకలు పెట్టకుండా తాగండి.

కోపంతో రాశాను. రాసిందాంట్లో అబద్ధం లేదు గాని “తమరు” అనకుండా ఉండాల్సింది. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించింది మీరు. ఒడియా బడిలో చదివిన నేను ఇవాళ తెలుగులో మిమ్మల్ని దెప్పగలుగుతున్నానంటే ఆ పాపం మీదే.

కోపానికి అసలు కారణం ఇంతవరకు రాయలేదు. మొగమాటపడ్డాను. మావయ్యని రేకులు అడుక్కుందని అత్తవారింట్లో అనుకుంటారేమోనని ఒక పక్క, అర్జీ ఇచ్చాం కదా మీ అంతట మీరే పట్టించుకుంటారని ఒక పక్క. ఇప్పుడు రాస్తున్నాను. పట్టా చిరిగిపోయింది. కుట్టిన చోట మళ్ళీ చిరిగింది. మొన్న రవి నాయనమ్మ కూర్మమ్మ వచ్చి, “పిల్లడు నీ కాడికి వచ్చినప్పుడు బాగానే వస్తన్నాడమ్మా. ఎల్లినప్పుడు జొరంతో ఎల్తన్నాడు. వానలు వెలిసీదాకా మానిపిస్తాం” అంది. ఆవిడని ఏమనను? ఆవిడ వెనకే మరికొందరు తల్లులు వచ్చారు. ఇప్పుడు తరగతికి వచ్చేది నలుగురైదుగురు. వానలు వెలిసేసరికి వాళ్ళు నేర్చుకున్న అక్షరాలు కూడా వెలిసిపోతాయి. ఆ తరవాత వాళ్ళ తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికే మిగులుతుంది. నాకు అంతకంటే ఎక్కువ కావాలి మావయ్యా. అందుకే ఫలకం మాట వినగానే ఒళ్ళు మండింది.

పిల్లలకి మీ మీద కోపమేమీ లేదు. ఆ మాట నేను రాయకుండా దాచుకున్నాను. విశ్లేషణ అయిపోయాక పైడయ్య మీ కవిత మొత్తం తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు. “అంతా తప్పని అన్నావు కదరా, ఎందుకు రాసుకుంటున్నావు?” అని అడిగాను. “తప్పయితే ఏటి దిదీ, మా గురించే కదా. మా గురించి ఎవులు రాసినారు?” అన్నాడు.

మీరు కవిత చదవడం మానకండి.

అపర్ణ


లంజిపల్లి
ఆగస్టు, వార్షికోత్సవం అయిన మర్నాడు

చిరంజీవి అపర్ణకు,

ఆశీస్సులు. జలుబు తగ్గింది. నిన్న జరిగినది జరిగినట్టు రాస్తాను. నువ్వు వచ్చి ఉండాల్సింది గాని వాగు పొంగి బస్సులు ఆగిపోయాయని విన్నాను.

హాలు నిండింది. ఉపన్యాసాలకి ఎప్పుడూ నిండదు, నిన్న భోజనాలు ఉన్నాయి. పూర్ణచంద్రగారు నన్ను వేదిక మీదికి పిలిచి, తుపానులో చిరునవ్వులు పూయించిన కవిత అని పరిచయం చేశారు. పక్కన బల్ల మీద ఫలకం తళతళలాడుతోంది. కవిత చదివాను. చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే ఇది వరకు ఏ కవితకీ అన్ని చప్పట్లు రాలేదు. ఆగిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా.

అప్పుడు జేబులోంచి నీ ఉత్తరం తీశాను. “ఈ కవిత ఎవరి మీద రాశానో వాళ్ళే దీని మీద విమర్శ రాశారు. అది కూడా వినండి” అన్నాను. నిక్కరు దగ్గర హాలంతా గొల్లుమంది. నా ఇంటి స్లాబు గురించి చదివినప్పుడు ఇంకా ఎక్కువ నవ్వారు. ముందు వరసలో మా బావమరిది అయితే కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు, నేనెక్కడ దొరుకుతానా అని ఇన్నేళ్ళుగా చూస్తున్నాడు పాపం. మేకపిల్ల దగ్గర కూడా నవ్వారు. గుడ్డు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఎక్కడో ఆగిపోయింది. ఆ పిల్ల తల నిమిరి ముందుకు వెళ్ళింది నేనేనని కూడా చదివాను.

పూర్ణచంద్రగారు నా చెవి దగ్గరికి వంగి, “ఇది కార్యక్రమంలో లేదండీ” అన్నారు.

“తుపాను కూడా లేదండీ” అన్నాను.

తరవాత ఏం చెయ్యాలో నాకూ తెలియలేదు, ఆయనకీ తెలియలేదు. ఇద్దరం ఫలకం వైపు చూస్తూ నిలబడ్డాం. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి మీ అత్త లేచింది. ఆ మోకాళ్ళతో లేవడానికే కొంత సమయం పట్టింది, అందుచేత అందరూ ఆవిడ వైపే చూశారు. “రేకులు ఎప్పుడు ఎల్తాయో ముందు సెప్పండి. మిగతా కార్యక్రమం తరవాత సూద్దాం. బోజనాలు సల్లారిపోతన్నాయి” అంది. దాంతో సభకి తొందర వచ్చింది. ఒకరు రేకులు తానిస్తానన్నారు, ఒకరు ఇనప గొట్టాలు, బిగించే మనుషులు మా వంతు అని ఇంకొకరు. వచ్చేసారికి వాయిదా వేసిన పని వడ్డన మొదలయ్యేలోగా అయిపోయింది. పూర్ణచంద్రగారిని తక్కువ చేసి రాయకూడదు. చివర లేచి ఆయనే, “ఆ పిల్లల స్ఫూర్తి రేకుల కింద కూడా బతుకుతుందనే నా నమ్మకం” అని ప్రకటించారు. ఫలకాన్ని మండలి గదిలో గోడ చెమ్మ పట్టిన చోట మేకు కొట్టి తగిలించారు. చెమ్మ కనిపించడం లేదు.

వచ్చే ఆదివారం మా దుకాణం వ్యానులో సామాన్లతో పాటు నేనూ వస్తున్నాను. మీ అత్త కూడా వస్తానంటోంది. ఉడికించిన గుడ్లు తెస్తున్నాం. ఈ మాట పిల్లలకి ముందుగా చెప్పకు. దారిలో వ్యాను ఆగిపోతే మళ్ళీ పలకల మీద గీసుకుంటారు.

నీ మేనమామ,
హేమచంద్ర


దిగపహండి
సెప్టెంబరు

మావయ్యకి, అత్తకి నమస్కారాలు.

మీరు వచ్చి వెళ్ళాక పిల్లలందరూ మళ్ళీ తరగతికి వస్తున్నారు. కూర్మమ్మ కూడా మనవడితో వచ్చి వెనక కూర్చుంటోంది. వాడు సరిగ్గా చదువుతున్నాడో లేదో చూడ్డానికట. చదువు రాని మనిషి ఎలా చూస్తుందని అడిగితే, “ఆడు నోరు మెదుపుతున్నాడో నేదో తెలవదేటి?” అంది. మీ గురించి కూడా ఒక మాట అంది. గుడ్ల పెంకులు తియ్యడంలో ఆయనది మంచి చెయ్యి అంది. కవిత్వం గురించి ఏమీ అనలేదు.

కొత్త రేకులతో ఒక్క చిక్కు ఉంది. వాన పడితే చెవులు గింగురుమంటాయి. పాఠం చెప్పాలంటే అరవాలి, వాళ్ళు తిరిగి చెప్పాలన్నా అరవాలి. ఒత్తులు, పొల్లులు పలికించడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఇంకొకటి లేదు. ఊరవతల పొలాల్లోకి కూడా గుణింతాలు వినిపిస్తున్నాయని రవి వాళ్ళ నాన్న చెప్పాడు.

ఇది చెప్పడానికి కాదు ఉత్తరం రాస్తున్నది. మొన్న మంగళవారం వానతో పాటు పెద్ద గాలి వచ్చింది. ఆ తుపాను తరవాత అంత గాలి ఇదే. రేకులు ఒక్కసారి గట్టిగా కొట్టుకున్నాయి. బిగింపు గట్టిదే, ఏమీ కాలేదు. కాని పిల్లలందరూ పలకలు వదిలేసి నా చుట్టూ చేరారు. పైడయ్య మాత్రం కూర్చున్నచోటే ఉన్నాడు. వాడు ఏదో ఒకటి అని అందరినీ నవ్విస్తాడని నేను అటు చూశాను. వాడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. కాసేపు కాదు, చాలాసేపు ఏడ్చాడు. తుపాను నాటి నుంచి ఇంతవరకు వాడి కంట్లో నీళ్ళు నేను చూడలేదు. పట్టా కింద తడుస్తూ కూర్చున్న రోజుల్లో కూడా జోకులు వేసినవాడే.

ఏం చెయ్యాలో తోచక నేను లేవబోయాను. ఈలోగా దుర్గాభవాని వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. తరవాత నీరజ. రవి తన జేబులోంచి వేయించిన శనక్కాయలు తీసి వాడి ముందు పోశాడు. ఎవరూ ఊరుకోమనలేదు. ఏమిట్రా అని కూడా అడగలేదు. గాలి తగ్గింది. వాడు ముక్కు తుడుచుకుని ఒక శనక్కాయ ఒలిచి నోట్లో వేసుకుని, “మెత్తగయిపోనాయి” అన్నాడు. రవికి కోపం వచ్చి మిగతావి వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ అరుపులు మొదలయ్యాయి.

వాళ్ళు ఎవరి పలకలు వాళ్ళు తీసుకున్నారు. నేను వదిలేసిన చోటి నుంచి పాఠం ఎత్తుకున్నాను. ఆ రోజు వాళ్ళని ఏ ప్రశ్నా అడగలేదు.

మీ
అపర్ణ